మూకీ సినిమా వేగం తగ్గించి చూడటం తప్పా?

రీలుపెట్టె: దాదాసాహెబ్ ఫాల్కే తీసిన మూకీ 'రాజా హరిశ్చంద్ర'లో మిగిలిన రీళ్ళు నెట్‌లో మళ్ళీ చూశాను. (అవి 1913 నాటివా, 1917లో మళ్ళీ తీసినవా అన్న గొడవ ఇక్కడొద్దు.) నేను చూసిన కాపీలో రాజుగారు కూడా ఆఖరి బస్సు తప్పిపోతున్నట్టు ఒకటే పరుగు.

ఈ సినిమా నిడివి 40 నిమిషాలని రాస్తుంటారు. పొడవు 3,700 అడుగులు. అడుగు ఫిల్ముకి 16 ఫ్రేములు, అంటే 16 బొమ్మలు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడిపితే 41 నిమిషాలొస్తుంది. కానీ 24 అన్నది శబ్దం వచ్చాక ఖాయమైన లెక్క కదా! సెకనుకి 16 చొప్పున నడిపితే గంట దాటి ఇంకో రెండు నిమిషాలు. ఆ 40 నిమిషాల మాట టాకీ లెక్కలో పుట్టిందేనని నా అనుమానం. అందుకే వేగం తగ్గించి చూడటమే న్యాయం అంటాను.

కీటన్‌భక్తుడు: 16 అని మీకెవరు చెప్పారండీ? అప్పటి కెమెరాకి మోటారు లేదు, పక్కన పిడి ఉండేది. చుట్టుకి 8 ఫ్రేములు, సెకనుకి రెండు చుట్లు. ఇది కాగితం మీద మాట. తిప్పేది మనిషి చెయ్యి. లయ తప్పకుండా కొందరు లోలోపల పాట పాడుకునేవాళ్ళట. మబ్బు పడితే కాస్త నెమ్మదిగా తిప్పేవారు, ఒక్కో ఫ్రేముకి ఎక్కువ వెలుతురు తగలాలని.

ఇక కామెడీల్లో అయితే కావాలనే నెమ్మదిగా తిప్పి సెకనుకి తక్కువ ఫ్రేములు తీసేవారు, మామూలు వేగంలో వేస్తే తెరమీద జోరుగా కనబడాలని. 'షెర్లాక్ జూనియర్' (1924)లో నడిపేవాడు లేని మోటార్ సైకిల్ హ్యాండిల్ మీద మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్ దూసుకుపోతాడు. దానికి మీరు 'న్యాయం' చేస్తే పెద్దాయన పాలప్యాకెట్‌కి వెళ్ళొచ్చినట్టుంటుంది.

రీలుపెట్టె: కామెడీ సంగతి ఒప్పుకుంటాను. హరిశ్చంద్రుడు కామెడీ కాదుగా.

పాతఆపరేటర్: టూరింగ్ టాకీస్‌లో పదేళ్ళు ప్రొజెక్టర్ దీపానికి కార్బన్ కడ్డీలు మార్చినవాణ్ణి, ఒక మాట చెప్తా. మా మిషన్లకి మోటారు ఉండేది, వేగం మార్చే పని లేదు. రెండో ఆట త్వరగా ముగించాలంటే పాట ఎగరగొట్టేవాళ్ళం. (జనం కుర్చీలు విరగ్గొట్టిన రోజులూ ఉన్నాయి.) మూకీల్లో ఆ అవసరమే లేదు, ఇంకాస్త జోరుగా తిప్పితే సరి. ఆరోజుల్లో ఆ పని చేసిన హాళ్ళు బోలెడు. కాబట్టి కెమెరా వేగం వేరు, జనం చూసిన వేగం వేరు. రెంటిలో ఏది అసలు సినిమా బాబూ?

తారామతి: అందరూ కెమెరా పిడి దగ్గరే ఆగిపోయారు. ఫాల్కే ఇంట్లో ఖాళీ ఫిల్ముకి అంచున రంధ్రాలు కొట్టింది ఆయన భార్య సరస్వతీబాయి. అదీ చీకట్లో. ఫిల్ము కడగడంలోనూ ఆమె చెయ్యి ఉంది, పైగా యూనిట్‌కంతా వంట. రంధ్రం వెంట్రుకవాసి అటూఇటూ అయితే తెరమీద బొమ్మ ఊగుతుంది. బొమ్మ ఊగితే మన కళ్ళకి తొందరగా కదిలినట్టు అనిపించొచ్చు. రీలుపెట్టె గారికి పరుగులా కనబడినదాంట్లో ఈ ఊగుడు ఎంతో ముందు తేల్చండి. వేగం తగ్గించినంత మాత్రాన ఊగుడు పోదు.

కీటన్‌భక్తుడు: ఇది నాకు తట్టలేదు. అయినా నా మాట అదే. ఒక్క అంకె పట్టుకుని సినిమా మొత్తాన్ని సరిచేయడం కుదరదు. సీను సీనుకీ చెయ్యి మారుతుంది.

రీలుపెట్టె: అయితే సీను సీనుకీ చూద్దాం. మనుషుల నడక నమ్మలేం, నటులు కదా. నీళ్ళు నటించవు. సినిమాలో రాణి తారామతి, ఆమె చెలికత్తెలు కొలనులో జలకాలాడే సీనుంది కదా (అందరూ చీర కట్టిన మగవాళ్ళే, రాణిగా నటుడు సాలుంకే). ఎగజిమ్మిన నీళ్ళు పడే తీరు చూడండి. మామూలు వేగంలో నీళ్ళు ఎవరో కిందికి లాగినట్టు పడుతున్నాయి. ఫోన్లో 0.75 పెట్టాను, అంటే 24 కాస్తా 18 అవుతుంది. అప్పుడు మా పెరట్లో బకెట్టు కుమ్మరించినట్టే పడ్డాయి.

పాతఆపరేటర్: ఇప్పుడే మనవడి ఫోన్లో పెట్టించి చూశాను. నీళ్ళ వరకు నువ్వు చెప్పింది నిజమే. కానీ అదే 0.75లో రాజుగారు లోపలికొచ్చే చోట మరీ నీరసంగా ఉన్నాడు. అక్కడ 0.9 అయినా కావాలి, ఈ ఫోన్లో ఆ మెట్టు లేదంటున్నాడు మావాడు.

కీటన్‌భక్తుడు: నేను మొదటి నుంచీ చెప్తున్నది అదేగా బాబాయ్!

తారామతి: మన తొలి తెలుగు మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) ప్రింటే మిగల్లేదు. అది దొరికితే ఏ వేగంలో కొట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.