1930ల రంగూన్‌లో సాయంత్రం పూట ఎక్కడ తాగేవాళ్లు? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా ముత్తాత కాకినాడ నుంచి ఓడెక్కి రంగం (అంటే బర్మాలోని రంగూన్) వెళ్లి, అక్కడి రేవులో బస్తాలు మోశాడు. ఆయన మీద ఒక కథ రాస్తున్నాను. పగలు సంగతి ఎలాగో లాక్కొచ్చాను, రాత్రి దగ్గర ఆగిపోయాను.

దొరల వైపు కొంత దొరికింది. పెగూ క్లబ్బు 1871లో మొదలైంది, తెల్లవాళ్లకే ప్రవేశం. దాని పేరుతోనే ఒక కాక్‌టెయిల్ ఉంది: జిన్ రెండు వంతులు, నారింజ కురసావో (నారింజ తొక్కల రుచి ఉండే తియ్యటి మద్యం) ఒక వంతు, కొంచెం నిమ్మరసం, బిట్టర్స్ అనే చేదు ద్రవం చుక్కలు. నేను ఇంట్లో కలిపి చూశాను. బాగానే ఉంది గానీ కురసావో ఖరీదు చూస్తే ఏడుపొచ్చింది! నది ఒడ్డున స్ట్రాండ్ హోటల్ 1901లో తెరిచారు. సింగపూర్‌లో రాఫెల్స్ హోటల్ నడిపిన ఆర్మీనియా అన్నదమ్ములు సార్కీస్‌లదే అదీ.

నాకు కావలసింది గేటు ఇవతలి సంగతి. ఓడ కళాసులు, చైనా వ్యాపారులు, మన కూలీలు ఏ వీధుల్లో తాగేవాళ్లు? కల్లా, సారాయా? బార్లలో వడ్డించేవాళ్లలో మనవాళ్లు ఉండేవాళ్లా? 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలకు, బర్మా వాళ్లకు గొడవలయ్యాక రాత్రిపూట బయట తిరగడానికి భయపడేవాళ్లా?

మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన చిన్న ముక్కైనా సరే, రాయండి. పాత ఫోటో ఉంటే ఇంకా సంతోషం.