“బళ్ళో వేశారు”: ఈ మాట మీ ఊళ్ళో ఎలా అంటారు?

ఆదివారం పూట మా అపార్ట్‌మెంట్‌లో కొంతమంది పిల్లలకు తెలుగు చెబుతుంటాను. నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు. జూన్‌లో బళ్ళు తెరిచిన వారం, మొదటిసారి బడికి వెళ్ళిన రోజు మీద వచన కవిత రాయమన్నాను. వచ్చినవన్నీ ఒకే అచ్చు. బడి ఒక గుడి, గురువు దేవుడు, చదువే వెలుగు. ఒక్కదానిలోనూ రాసిన పిల్లలు లేరు. గోడ మీది సూక్తులు దించేశారు. వాళ్ళనేం అంటాం, మనం చూపించిందే అది.

ఒక అమ్మాయిని “ఆ రోజు ఎవరితో వెళ్ళావు?” అని అడిగితే, “నేను వెళ్ళలేదు టీచర్, నన్ను వేశారు” అంది.

అక్కడే ఆగిపోయాను. “మావాణ్ణి ఎల్‌కేజీలో వేశాం”, “బళ్ళో వేసే ఈడు” అని రోజూ అంటూనే ఉంటాం. తెలంగాణలో “బళ్లె ఏసిన్రు” అంటారు. విత్తనాలు వేస్తాం, పశువులకు మేత వేస్తాం, దొంగను జైల్లో వేస్తారు, పిల్లల్ని బళ్ళో వేస్తాం. “చేర్చారు” అంటే అప్లికేషన్, ఫీజు గుర్తొస్తాయి. “వేశారు”లో మాత్రం ఎత్తి లోపల పెట్టేసి వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం కనిపిస్తుంది. “చదవేస్తే ఉన్న మతి పోయింది” అనే సామెతలో ఉన్నదీ ఈ వేయడమే, చదవ వేస్తే. ఇంకో సంగతి, ఈ వాక్యంలో వేసినవాళ్ళెవరో చెప్పక్కర్లేదు. “నన్ను” అని ద్వితీయా విభక్తిలో బిక్కమొహంతో నిలబడ్డవాడు ఉంటే చాలు.

సరే, అందరూ ఆ మాటతోనే మొదలుపెట్టండి అన్నాను. ఆ అమ్మాయి రాసింది ఇది:

నన్ను బళ్ళో వేశారు
చెల్లిని వేయలేదు
చెల్లి ఇంట్లో
నా గ్లాసులో
పాలు తాగింది

ఇంకో అబ్బాయికి వేరే చిక్కు వచ్చింది. వెళ్ళాను, కూర్చున్నాను, ఏడ్చాను, వచ్చాను. ప్రతి పాదం చివరా “ను” పడేసరికి ప్రాస కుదిరిందని తెగ సంబరపడ్డాడు. మన భాషలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి “నేను” అని రాసే ప్రతివాడికీ ఈ ప్రాస ఉచితం. క్రియ లేకుండా రెండు పాదాలు రాయగలవా అని అడిగాను. కాసేపు పెన్సిల్ నమిలి ఇలా మార్చాడు:

కొత్త బూట్లు
కొత్త సంచి
పక్కన ఎవడో ఏడుస్తున్నాడు
నేనూ మొదలుపెట్టాను

“ను” ఒక్కచోటే మిగిలింది. ఇప్పుడది వినిపిస్తోంది.

వ్యాఖ్య: బాగుందండీ, కానీ ఇది వాక్యాన్ని ముక్కలు చేసి కింద కింద పేర్చడమే కదా? హాయిగా ఆటవెలది నేర్పొచ్చుగా.

జవాబు: అదీ చెబుతున్నాను, వేమన పద్యాలు వాళ్ళకు నోటికి వచ్చు. ముక్కల సంగతంటారా, కవి కుందుర్తి ఆంజనేయులు 1958లో వచన కవిత కోసం ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టినప్పటి నుంచీ వచన కవితకు ఈ అక్షింతలు మామూలే. మీరే చూడండి. “చెల్లి ఇంట్లో నా గ్లాసులో పాలు తాగింది” అని ఒక్క గుక్కలో చదివితే అది అమ్మకు చేసే ఫిర్యాదు. ఆ పిల్ల “నా గ్లాసులో” దగ్గర ఆగింది. బాధ పాల గురించి కాదు, గ్లాసు గురించి. ఎక్కడ విరవాలో నేను చెప్పలేదు, పైకి చదవమని ఊపిరి ఆగినచోట గీత పెట్టమన్నానంతే.

వ్యాఖ్య: మా ఇంట్లో “ఓనమాలు దిద్దించారు” అనేవాళ్ళు. పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని “ఓం నమః శివాయ సిద్ధం నమః” రాయించేవారు. ఓనమాలు అన్న మాట అందులోంచి వచ్చిందే. అక్కడా అంతేనండీ, వేలు నాది, రాత మా నాన్నది.

జవాబు: దిద్దడం! పెద్దవాళ్ళు పలక మీద “అ” రాసిస్తే దాని మీదే బలపంతో మళ్ళీ మళ్ళీ రాసి, ఆ “అ” లావెక్కి గుర్తుపట్టడానికి వీల్లేకుండా పోయేది. వచ్చే వారం ఈ మాటే ఇస్తాను.

వ్యాఖ్య: నాకైతే బడి అంటే బలపం రుచి. ఇంకేం గుర్తులేదు.

జవాబు: మా పిల్లలు బలపం ఎరగరు. వాళ్ళు సెంటు రబ్బరు కొరుకుతారు. దాని రుచేమిటో అడిగి చెబుతాను.