జర్మనీలో కరెంటు మీటర్: మన వాడకం లెక్క మనకెలా కనపడుతుంది?

డార్మ్‌స్టాట్ నుంచి కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈమధ్యే హైదరాబాద్ నుంచి వచ్చాం, నేనూ మా ఆవిడా. ఫ్లాట్ దొరికింది, తాళాలు ఇచ్చారు, లైట్లు వెలుగుతున్నాయి. కరెంటు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఒక కంపెనీ నుంచి నెలకు ఇంత కట్టండి అని ఉత్తరం వచ్చింది. వాళ్లతో నేను ఏ అగ్రిమెంటూ చేసుకోలేదు. మీటర్ చూడకుండా ఆ అంకె ఎలా వేశారు? స్పెయిన్‌లో ఉన్న మా కొలీగ్ ఏ గంటలో ఎన్ని యూనిట్లు కాలాయో ఫోన్‌లో చూపిస్తున్నాడు. అలాంటి యాప్ నాకూ దొరుకుతుందా? మార్కెట్ ధరను బట్టి రేటు మారుతూ ఉండే డైనమిక్ టారిఫ్ తీసుకుంటే బిల్లు సగమవుతుందని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. ఇంకొకటి, నిన్న ఎవరో ఫోన్ చేసి మీటర్ నంబర్ అడిగారు, తర్వాత చెప్తానన్నాను. ఇవ్వొచ్చా?

మ్యూనిక్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ ఫోన్ సంగతి. మీటర్ నంబర్ ఇవ్వకు. నీ పేరు, అడ్రస్, మీటర్ నంబర్ దొరికితే చాలు, నువ్వు అడగకుండానే నీ సప్లయర్‌ని, అంటే కరెంటు అమ్మే కంపెనీని, మార్చే దరఖాస్తు పెట్టేస్తారు. కమిషన్ కోసం ఇదే పనిగా తిరిగే వాళ్లున్నారు. "మీ ఏరియా కరెంటు ఆఫీసు నుంచి" అంటూ గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్లూ ఇదే బాపతు. 2021 నుంచి చట్టం ఏమంటుందంటే, మనం ఎంచుకుని తీసుకునే ఇంటి కరెంటు ఒప్పందం ఈమెయిల్ లోనో ఉత్తరం లోనో రాతలో ఉండాలి. ఫోన్‌లో "యా, యా" అన్నంత మాత్రాన చెల్లదు. ఒకవేళ ఏదైనా కన్ఫర్మేషన్ వచ్చిందంటే 14 రోజుల్లోపు రద్దు చేస్తున్నానని రాసి పంపు. రద్దుకు కారణం చెప్పక్కర్లేదు.

ఇక ఉత్తరం. అది మోసం కాదు. ఇక్కడ ప్రతి ప్రాంతానికీ ఒక గ్రుండ్‌ఫెర్‌జోర్గర్, అంటే ఎవరితోనూ ఒప్పందం లేనివాళ్లకు కరెంటు ఇచ్చే సప్లయర్, ఉంటాడు. ఆ ఏరియాలో ఎక్కువ ఇళ్లకు కరెంటు అమ్మే కంపెనీకే ఆ బాధ్యత. వేరే ఒప్పందం లేకుండా ఇంట్లో స్విచ్ వేసిన క్షణం నుంచి నువ్వు వాళ్ల కస్టమర్‌వి, సంతకం లేకపోయినా సరే. రేటు సాధారణంగా ఎక్కువే. కానీ రెండు వారాల నోటీసుతో ఎప్పుడైనా బయటపడొచ్చు కాబట్టి టెన్షన్ పడకు.

ఇప్పుడిప్పుడే ఇల్లు వెతుక్కుంటున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇదివరకు ఇంట్లో దిగాక ఆరు వారాల దాకా పాత తేదీ వేసి కొత్త సప్లయర్ దగ్గర రిజిస్టర్ చేసుకునే వీలుండేది. 2025 జూన్ 6తో అది పోయింది. ఇప్పుడు సప్లయర్ మార్పు టెక్నికల్‌గా ఒక్క పనిదినంలో అయిపోతుంది, కానీ వెనక్కి తేదీ వేయరు. కాబట్టి తాళాలు తీసుకోకముందే ఒప్పందం చేసుకోండి. ఇంకా పాత పద్ధతే చెబుతున్న సీనియర్లు చాలామంది ఉన్నారు, వినొద్దు.

నెల అంకెను ఆబ్‌ష్లాగ్ అంటారు. మన దగ్గర నెలనెలా మనిషి వచ్చి, చేతిమిషన్‌తో రీడింగ్ కొట్టి బిల్లు చింపి ఇస్తాడు. ఇక్కడ అలా ఉండదు. నీలాంటి ఇంటికి ఏడాదికి ఇంత కాలుతుందని అంచనా వేసి, దాన్ని నెలలకు పంచుతారు. ఏడాది చివర అసలు లెక్క తేలుతుంది. తక్కువ వాడితే తిరిగి ఇస్తారు, ఎక్కువైతే ఒకేసారి కట్టాలి. అంచనా నీ ఇంటికి సరిపోలేదనిపిస్తే మార్చమని రాయొచ్చు. ఇద్దరుండే ఫ్లాట్‌కు ఏడాదికి 2000 యూనిట్లు, అటూ ఇటూగా. అయితే బాత్రూమ్ గోడకు కరెంటుతో నీళ్లు కాచే డబ్బా ఉందేమో చూడు. అది ఉంటే ఈ లెక్క చెల్లదు, చాలా ఎక్కువవుతుంది. ఇంకో మాట, స్లాబులు ఇక్కడ లేవు. మొదటి యూనిట్‌కూ చివరి యూనిట్‌కూ ఒకే రేటు, పైన నెల స్థిర చార్జి.

ఇక యాప్. దీనికి సప్లయర్‌ని అడిగి లాభం లేదు, ఎందుకంటే మీటర్ అతనిది కాదు. కరెంటు అమ్మేవాడు ఒకడు, తీగలు నడిపేవాడు ఇంకొకడు, మీటర్ చూసుకునేవాడు మూడోవాడు. ఈ మూడోవాడిని మెస్‌ష్టెలెన్‌బెట్రైబర్ అంటారు, పేరు బిల్లులో ఉంటుంది. మామూలుగా తీగల కంపెనీయే ఆ పనీ చేస్తుంది. నీ వాడకం లెక్క ముందు చేరేది అతని దగ్గరికే.

సెల్లార్‌లోకి దిగి మీటర్ చూడు. నల్ల డబ్బాలో చక్రం తిరుగుతుంటే పాత ఫెరారిస్ మీటర్, దాని నుంచి ఏ యాప్‌కీ ఏమీ రాదు. చిన్న స్క్రీన్ ఉంటే డిజిటల్ మీటర్. దాన్ని అధికారికంగా మోడర్న్ అంటారు కానీ అది కూడా ఎవరికీ ఏమీ పంపదు! పక్కన గేట్‌వే అనే కమ్యూనికేషన్ పెట్టె ఉంటేనే నిజమైన స్మార్ట్ మీటర్. అదొక్కటే పావుగంట పావుగంటకీ లెక్క రాసి పంపుతుంది. జర్మనీలో ఇప్పటికీ చాలా కొద్ది ఇళ్లలోనే ఉంది.

నీది స్క్రీన్ మీటర్ అయితే ఒక ఉపాయం ఉంది. మామూలుగా మొత్తం యూనిట్లే చూపిస్తుంది, మిగతావి లాక్ చేసి ఉంటాయి. మీటర్ చూసుకునేవాడికి రాసి పిన్ అడుగు, పోస్టులో పంపుతాడు. చాలా మీటర్లకు బటన్ ఉండదు. ముందువైపు సెన్సర్ మీద టార్చ్ వేసి ఆర్పుతూ అంకెలు కొట్టాలి. వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. ఆ తర్వాత ఒక రోజు, వారం, నెల, ఏడాది వాడకం విడివిడిగా చూపిస్తుంది, ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో కూడా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ చరిత్ర చెరిపేసి లాక్ పెట్టి రా.

కోపెన్‌హేగెన్ నుంచి:

స్పెయిన్ కొలీగ్ మాట వచ్చింది కాబట్టి కొంచెం చెప్తాను, నా ఉద్యోగం ఈ రంగంలోనే. స్పెయిన్‌లో దాదాపు ప్రతి ఇంటికీ స్మార్ట్ మీటర్ ఉంది. తీగల కంపెనీలన్నీ కలిసి నడిపే డాటాడిస్ సైట్‌లో గంటవారీ లెక్క ఉచితంగా వస్తుంది. మా డెన్మార్క్‌లో ఎనెర్గీనెట్ అనే గ్రిడ్ సంస్థ నడిపే ఎల్‌ఓవర్‌బ్లిక్ సైట్‌లో లాగిన్ అయితే చాలు. ఫిన్‌లాండ్‌లో ఫింగ్రిడ్ అనే గ్రిడ్ సంస్థ డేటాహబ్ 2022 ఫిబ్రవరిలో మొదలైంది, దేశం మొత్తం లెక్క ఒకేచోట. జర్మనీలో అలాంటి ఒక్క కేంద్రం లేదు. మీటర్ కంపెనీల నుంచి సప్లయర్లకు, తీగల వాళ్లకు లెక్క నేరుగా వెళ్తుంది. అందుకే అక్కడ ఒక ఊళ్లో పనిచేసే పోర్టల్ పక్క ఊళ్లో పనిచేయదు.

దీనికి యూరోపియన్ యూనియన్ రూల్ లేదా అంటే ఉంది. 2019 నాటి విద్యుత్ మార్కెట్ డైరెక్టివ్ ప్రకారం మన వాడకం లెక్క మనం చూసుకోవడానికీ, మనం చెప్పినవాళ్లకు ఇప్పించడానికీ మన దగ్గర విడిగా డబ్బు తీసుకోకూడదు. దాని కింద 2023/1162 నంబరు నిబంధన వచ్చింది, 2025 జనవరి 5 నుంచి వర్తిస్తోంది. చాలామంది దీన్ని విని యూరప్ అంతా ఒకే యాప్ వచ్చేస్తుందనుకున్నారు. అది కాదు. లెక్క భద్రపరిచేవారెవరు, చూపించేవారెవరు, అనుమతి చూసుకునేవారెవరు అన్న పాత్రలకు, అడుగులకు ఒకే నమూనా పెట్టారు. ప్రతి దేశం తన పద్ధతిని ఆ నమూనాలోకి తెచ్చి బయటికి చెప్పాలి, అంతే. పద్ధతులు ఎవరివి వారివే. యాప్ కంపెనీలు ఇప్పటికీ దేశానికొక రకంగా కోడ్ రాసుకుంటూనే ఉన్నాయి. నా ఉద్యోగం నడిచేదీ దాని మీదేననుకోండి.

ఒక మాట. ఏ యాప్ అయినా అనుమతి అడిగితే ఎంతకాలానికి, ఏ లెక్కకు అన్నది చదవండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. పావుగంట లెక్క చూస్తే మీరు ఎప్పుడు లేస్తారో, ఏ వారం ఊళ్లో లేరో తెలిసిపోతుంది. గేట్‌వేకు ప్రభుత్వ సెక్యూరిటీ సంస్థ సర్టిఫికెట్ ఉండాలని జర్మనీ పట్టుబట్టిందీ, అక్కడ స్మార్ట్ మీటర్లు ఇంత ఆలస్యమైందీ కొంత ఇందుకే.

బెర్లిన్ నుంచి:

బాబూ, డైనమిక్ టారిఫ్ గురించి ఈ అక్క మాట విను. 2025 నుంచి జర్మనీలో ప్రతి సప్లయర్ దాన్ని ఇవ్వాల్సిందే, కానీ స్మార్ట్ మీటర్ ఉన్నవాళ్లకే. నీకు లేకపోతే పెట్టమని అడగొచ్చు, నాలుగు నెలల్లో పెట్టాలి. దానికి డబ్బు తీసుకుంటారు, ఎంతో ముందే రాతలో తెప్పించుకో. కొందరు ఇష్టమొచ్చినంత అడిగారని వినియోగదారుల సంఘాలు గొడవ చేశాయి.

బిల్లు సగమవడం మాత్రం కలే. బిల్లులో సగానికి పైగా తీగల చార్జీలు, పన్నులు. మనలాంటి ఇంటికి అవి గంటను బట్టి మారవు. మారేది మార్కెట్ ధర ముక్క ఒక్కటే. ఎండ బాగా కాసే మధ్యాహ్నం అది సున్నా కంటే కిందికి కూడా పోతుంది, సాయంత్రం ఆరు దాటాక ఎక్కుతుంది. నువ్వేమో మధ్యాహ్నం ఆఫీసులో, మీ స్టవ్ మీద అన్నం, పప్పు సాయంత్రం ఏడింటికి. ఎలక్ట్రిక్ కారో హీట్ పంపో ఉన్నవాళ్లకైతే లెక్క వేరు. నువ్వు ఏడాది పాటు రేటు మారని మామూలు ఒప్పందం తీసుకో. బోనస్ చూసి మురిసిపోకు, రెండో ఏడాది రేటు ఎంతో చూడు.

పనిలో పనిగా, హీటింగ్ దీంట్లో కలపకు. అది సాధారణంగా ఇంటి ఓనర్ ఖర్చుల లెక్కలో వస్తుంది. రేడియేటర్ల మీద దూరం నుంచి చదివే మీటర్లుంటే 2022 నుంచి నెలనెలా వాడకం చెప్పాలి. రాకపోతే ఓనర్‌ని అడుగు. నిజానికి ఈ చలిలో కరెంటు కంటే పెద్ద బిల్లు అదే.

డార్మ్‌స్టాట్ నుంచి కొత్త సభ్యుడు:

చాలా థాంక్స్ అన్నా, అక్కా, అందరికీ. ఫోన్ వాడిని బ్లాక్ చేశాను. మీటర్ మాత్రం చూడలేకపోయాను, ఆ గదికి తాళం వేసి ఉంది. తాళాలు ఇచ్చిన రోజు కాగితంలో మీటర్ రీడింగ్ గడి ఖాళీగా వదిలేశారు.

మ్యూనిక్ నుంచి:

ఆ గడి ఖాళీ ఉంటే పాత అద్దెదారు యూనిట్లు నీ లెక్కలో పడొచ్చు. గది తాళం హౌస్‌మైస్టర్ (బిల్డింగ్ చూసుకునే మనిషి) దగ్గర ఉంటుంది, నంబర్ మెట్ల దగ్గర బోర్డు మీద చూడు. తెరిపించి, మీటర్ నంబర్, రీడింగ్ రెండూ కనపడేలా ఫోటో తీసి, తేదీతో ఓనర్‌కూ ఉత్తరం పంపిన కంపెనీకీ ఈమెయిల్ చెయ్. దిగిన రోజు రీడింగ్ ఎంతో రాతలో చెప్పమని ఓనర్‌ని అడుగు. తీగల కంపెనీ దగ్గర కూడా పాతవాళ్లు వెళ్లేటప్పుడు ఇచ్చిన అంకె ఉండొచ్చు. కొత్త సప్లయర్ ఫారంలో 11 అంకెల మాలో ఐడీ, అంటే నీ కరెంటు కనెక్షన్‌ను గుర్తించే నంబర్, అడుగుతారు. అది మీటర్ నంబర్ కాదు. నీకు వచ్చిన ఉత్తరంలోనే ఉండాలి, లేకపోతే ఆ కంపెనీనే అడుగు.