అప్‌డేట్: రాము, సోము, భీము పజిల్ తేలింది (సగమే లెండి)

మొన్న అడిగా కదా, ఒక దీవిలో ఎప్పుడూ నిజమే చెప్పేవాళ్ళు, ఎప్పుడూ అబద్ధమే చెప్పేవాళ్ళు, ఈ రెండు రకాలే ఉంటారు, రాము ఏమో "సోము అబద్ధాలకోరు" అన్నాడు, సోము ఏమో "రాము, భీము ఒకే రకం" అన్నాడు, మరి భీము ఎవరు అని. వచ్చేసిందండీ!

నేను చేసిన తప్పేంటంటే ముందు రాము సంగతి తేల్చాలని కూర్చోవడం, అది అసలు తేలదు. మీలో ఒకరు చెప్పినట్టు రెండు కేసులూ రాసి చూశా. రాముది నిజం అనుకుంటే సోము అబద్ధాలకోరు, అంటే వాడి మాట తప్పు, రాము భీము వేరే రకాలు, సో భీము అబద్ధాలకోరు. రాముది అబద్ధం అనుకుంటే సోముది నిజం, రాము భీము ఒకటే రకం, మళ్ళీ భీము అబద్ధాలకోరే. నోరు కూడా తెరవనోడు దొరికిపోయాడు పాపం 😂

ఇంకోటి వెలిగింది, ఆ దీవిలో "నేను అబద్ధాలకోరుని" అని ఎవ్వడూ అనలేడు, నిజం చెప్పేవాడంటే అది అబద్ధం అయిపోద్ది, అబద్ధాలకోరంటే నిజం అయిపోద్ది. రేమండ్ స్మల్యన్ ఇలాంటివి బోలెడు రాశారు, ఇప్పుడు రెండు దారులు, ఇద్దరు కాపలావాళ్ళ పజిల్ మీద పడ్డా, ఆన్సర్ మాత్రం చెప్పకండి ప్లీజ్.