90 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాల్సిందేనా?

అలిపిరి_అడ్మిన్: తిరుపతిలో ఒక ఆసుపత్రి నెట్‌వర్క్ చూస్తాను. అందరి అకౌంట్లనూ ఒకచోట నడిపే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో పాస్‌వర్డ్‌కు 90 రోజుల గడువు ఉంది. తీసేద్దామంటే పైవాళ్లు ఒప్పుకోవడం లేదు. పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం లేకుండా ఊరికే మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా తన సెక్యూరిటీ బేస్‌లైన్‌లోంచి, అంటే విండోస్‌కు తాను సిఫార్సు చేసే భద్రతా సెట్టింగుల్లోంచి, ఆ గడువు తీసేసింది. మీరేమంటారు?

చిత్తూరు_సిస్టమ్స్: తీయొద్దన్నా. అమెరికా ఆఫీసులు వేరు, మనవి వేరు. పాస్‌వర్డ్ ఒకసారి పది మందికి తెలిసిందంటే గడువొక్కటే దిక్కు.

అలిపిరి_అడ్మిన్: ఆ గడువు చేసే పని నిన్న కళ్లారా చూశాను. బిల్లింగ్ కౌంటర్‌లో కీబోర్డు తిరగేస్తే వెనక ప్లాస్టర్ ముక్క. దాని మీద తిరుమల@5, కొట్టేసి 6, అదీ కొట్టేసి 7. తర్వాత వచ్చేది ఏదో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

చంద్రగిరి_వాసి: మా ఆఫీసులోనూ ఇదే తంతు.

చిత్తూరు_సిస్టమ్స్: మరి పని మానేసినవాళ్ల సంగతేంటి?

అలిపిరి_అడ్మిన్: మానేసిన రోజే అకౌంట్ డిజేబుల్ చేయాలి, ఉన్న సెషన్ మూసేయాలి. లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే అనుమతి, అదే కెర్బెరోస్ టికెట్, దానికి మామూలుగా 10 గంటల ఆయుష్షు, కాబట్టి రెండోది మరవకూడదు. దీనికి 90 రోజులు ఆగడమెందుకు?

రేణిగుంట_ల్యాబ్: మా ల్యాబ్‌లో ఆరుగురికీ ఒకటే లాగిన్. పగటి షిఫ్టువాళ్లు మార్చేస్తారు, రాత్రి మేం పాతది కొట్టి లాక్ చేసుకుంటాం. రాత్రి రెండింటికి రిపోర్ట్ కోసం జనం నిలబడి ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి?

చిత్తూరు_సిస్టమ్స్: ఆరుగురికి ఒకటి ఇచ్చినవాడు అడ్మినా?

అలిపిరి_అడ్మిన్: అడ్మిన్‌ను అనేముందు తలా ఒక అకౌంట్‌కు డబ్బులివ్వని యాజమాన్యాన్ని అడగండి!

చిత్తూరు_సిస్టమ్స్: అడిగాను సార్, అనుభవించాను కూడా. నేను పనిచేసిన చోట నా లాగిన్‌తో ఒక బిల్లు మార్చారు. ఆ లాగిన్ నలుగురం వాడేవాళ్లం. లాగ్‌లో పేరు నాది, మెమో నాకొక్కడికే. పాస్‌వర్డ్ మారి ఉంటే నాకా మాట వచ్చేది కాదు.

రేణిగుంట_ల్యాబ్: మారినా ఆ ముగ్గురికీ మళ్లీ చెప్పేవాళ్లే కదన్నా. మీ పేరుతో మీరొక్కరే లాగిన్ అయ్యుంటే ఆ మెమో వచ్చేది కాదు.

చిత్తూరు_సిస్టమ్స్: అది నిజమే. కానీ తలా ఒక అకౌంట్ ఇచ్చేదాకా గడువు తీయమని నేను మాత్రం చెప్పను.

అలిపిరి_అడ్మిన్: విండోస్ సర్వర్‌ను వాడుకోవడానికి కొనే యాక్సెస్ లైసెన్స్ (CAL) మనిషి లెక్కన కాక డివైస్ లెక్కన తీసుకుంటే ఒక కంప్యూటర్‌ను ఎంతమందైనా వాడొచ్చు. డబ్బుల సాకు అక్కడ చెల్లదు. మా వార్డుల్లోనూ షిఫ్టుకంతా ఒకటే లాగిన్, ఇందాక చెప్పలేదు. రేపు ముందు దానికే నోట్ పెడతాను.