ఇంటర్ చదివే అబ్బాయి ధ్యాస: ఫోన్ వల్ల మెదడు దెబ్బతింటుందా?

ప్రశ్న | గుంటూరు అమ్మ
మా అబ్బాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్నాడు. రోజువారీ పరీక్షల పేపర్లు, పాఠాల వీడియోలు కాలేజీవారు వాట్సాప్‌లోనే పంపుతారు కనుక ఫోన్ పూర్తిగా మానిపించలేకపోతున్నాము. లెక్క సగంలో ఉండగా తెర వెలిగిందంటే చెయ్యి అటే పోతుంది. తిరిగి వచ్చేసరికి ఏ స్టెప్పులో ఆగాడో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి చేస్తాడు. రాత్రి పన్నెండు దాటితే గాని పడుకోడు, ఉదయం ఆరున్నరకు బస్సు. ఈ తరం పిల్లల ధ్యాస ఎనిమిది సెకన్లేనని, గోల్డ్‌ఫిష్ కన్నా తక్కువని బంధువుల గ్రూపులో ఎవరో పంపారు. నిజంగా మెదడు పాడవుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు | జువాలజీ మాస్టారు
అమ్మా, ఆ ఎనిమిది సెకన్ల మాటను పక్కన పెట్టండి. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం వెలువరించిన నివేదికతో అది ఊరూరా పాకింది గాని, దాని వెనుక నమ్మదగిన ప్రయోగమేదీ లేదు.

మెదడు సంగతి వేరు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం పిల్లలకు కొన్నేళ్ల వ్యవధిలో మళ్లీ మళ్లీ ఎం.ఆర్.ఐ. తీసి 1999లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మెదడు ముందుభాగంలోని బూడిదరంగు పదార్థం సుమారు 11, 12 ఏళ్ల వరకు పెరిగి ఆ తరువాత తగ్గుతూ వస్తుంది. వాడుకలో లేని నాడీ సంధులు (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు) తొలగిపోతాయి, వాడుకలో ఉన్న నాడీ తంతువుల చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు మందమవుతుంది. తనను తాను నిగ్రహించుకోవడానికి ఆధారమైన ఈ భాగం పూర్తిగా కుదురుకునేసరికి ఇరవయ్యో పడి సగం గడుస్తుంది; కొత్తదనానికీ తోటివారి మెప్పుకూ స్పందించే లోపలి భాగాలు మాత్రం యుక్తవయసు మొదట్లోనే చురుకెక్కుతాయి. కాబట్టి చెయ్యి ఫోన్ వైపు పోవడం వయసు లక్షణమే గాని మెదడు చెడిపోయిందనడానికి గుర్తు కాదు.

జవాబు | విజయనగరం నాన్న
మాస్టారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, పూర్తిగా నిశ్చింతగా ఉండడం కూడా సరికాదు. లాస్ ఏంజిలిస్‌లో రెండున్నర వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులను రెండేళ్లపాటు గమనించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, డిజిటల్ మాధ్యమాలను ఎక్కువగా వాడేవారిలో ధ్యాసలోపం లక్షణాలు కొంత ఎక్కువగా కనిపించాయి. కారణం అదేనని ఆ పరిశోధకులూ అనలేదు.

జవాబు | శాక్రమెంటో నుంచి ఒక తల్లి
మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఫోన్ కాదండీ, నిద్ర. యుక్తవయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోన్ పెద్దలకన్నా, చిన్నపిల్లలకన్నా ఆలస్యంగా ఊరుతుంది. పది గంటలకే పడుకోమంటే వాడికి నిజంగానే నిద్ర రాదు, ఆపైన ఫోన్ దొరికితే ఆ ఆలస్యం మరింత సాగుతుంది. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం బడి ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దని 2014లోనే సూచించింది. మా కాలిఫోర్నియాలో 2022 నుంచి చాలా హైస్కూళ్లకు అది చట్టం. మీ అబ్బాయికి దక్కుతున్నది అయిదున్నర గంటలు. అంత తక్కువ నిద్రతో ఫోన్ లేకపోయినా లెక్క మధ్యలో స్టెప్పు మరిచిపోతారు. తెల్లవారుజామున పిల్లలను కూర్చోబెట్టే మన కాలేజీలను వదిలేసి ఫోన్‌నొక్కదాన్నే దోషిగా నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

జవాబు | ఇంజనీరింగ్ రెండో సంవత్సరం
ఫోన్ లేని హాస్టల్లో ఇంటర్ చదివాను. రాత్రి స్టడీ అవర్లో పుస్తకం ముందు కూర్చుని కునికిపాట్లు పడినవాళ్లమే అందరమూ. ఒక పని మాత్రం ఉపయోగపడుతుంది: చదివే గదిలో ఫోన్ అసలు ఉంచకండి. మోగకుండా బోర్లా పెట్టినా సరే, బల్ల మీద ఉన్నప్పటికన్నా వేరే గదిలో ఉన్నప్పుడే విద్యార్థులు జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షల్లో మెరుగ్గా రాణించారని 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. తరువాతి ప్రయోగాలు కొన్నింటిలో ఆ ఫలితం రాలేదు, అయినా ఖర్చులేని పని కదా.

గుంటూరు అమ్మ
అందరికీ ధన్యవాదాలు. ఇకపై పరీక్ష పేపర్లు మావారి ఫోన్‌కు తెప్పించుకుని సాయంత్రమే జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తాము. బస్సు వేళ మార్చమని అడిగితే కాలేజీవారు వినరు. దగ్గర్లో ఆటో మాట్లాడితే ముప్పావుగంట నిద్ర కలిసొస్తుందేమో కనుక్కుంటాను.