డ్వాక్రా, వెలుగు: ఈ మాటలు మన నోళ్లలో ఎలా నిలిచాయి?

ప్రశ్న (ఆమదాలవలస):
మా పిన్ని ఇప్పటికీ "ఎలుగాఫీసుకెల్లొస్తాను" అంటాది. బోర్డు మీద ఆ పేరు పోయి చాలా కాలమైంది. ఆడవాళ్ల పొదుపు సంఘాన్నేమో డ్వాక్రా అంటాది. అసలు డ్వాక్రా ఏ భాష మాటండీ?

జవాబు (గజపతినగరం):
అది ఒక ఇంగ్లీషు పథకం పేరులోని మొదటి అక్షరాల కూర్పు. గ్రామీణ ప్రాంతాల్లో స్త్రీ, శిశు అభివృద్ధి అని అర్థం. 1982లో యునిసెఫ్ సాయంతో కేంద్రం మొదలుపెట్టింది. 1999లో వేరే పథకంలో కలిపేశారు. పథకం పోయినా డ్వాక్రా మహిళ, డ్వాక్రా రుణం అంటూనే ఉన్నాం.

వెలుగు సంగతి మనకు ఇంకా దగ్గరిది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వచ్చిన పేదరిక నిర్మూలన ప్రాజెక్టు అది. మొదటి విడత జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. తర్వాత ఇందిరా క్రాంతి పథం అన్నారు, ఆపైన ఇంకో పేరు. ఊళ్లో మాత్రం మొదటి పేరే నాటుకుపోయింది.

ప్రపంచ బ్యాంకు అనగానే మనకు విద్యుత్ సంస్కరణలు, కరెంటు చార్జీల పెంపు మీద నిరసనలో జరిగిన 2000 ఆగస్టు నాటి బషీర్‌బాగ్ కాల్పులు గుర్తొస్తాయి. ఆ అప్పు షరతులు కనబడ్డాయి కాబట్టి జనం ఎదురు తిరిగారు. వెలుగుతో వచ్చిన ప్రభావాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా లెక్కన లోతుగా వెళ్లింది అదే. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య అనే అంచెలు ఇక్కడ కుదిరాయి. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ పెట్టినప్పుడు కేంద్రం ఆ అంచెలనే దేశమంతటికీ తీసుకెళ్లింది. దానికీ ప్రపంచ బ్యాంకు వంద కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మన పల్లెల్లో నడిపి చూసిన పద్ధతి అలా జాతీయ విధానమైంది. ఈ చరిత్ర మన పిల్లలకు పాఠంగా చెప్పాలి.

జవాబు (నరసన్నపేట):
బాగా చెప్పారు గానీ, పొదుపును బయటి సంస్థల ఖాతాలో వెయ్యకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రోజుకో రూపాయి పొదుపు ఆ ఊపులోంచే పుట్టింది.

జవాబు (గజపతినగరం):
నిజమే. అప్పు వచ్చేసరికే సంఘాలు ఉన్నాయి. అవి లేకపోతే ఆ అంచెలు కాగితం మీదే ఉండిపోయేవి. పొదుపు అచ్చంగా వాళ్ల మాట, వాళ్ల పని.

జవాబు (బొబ్బిలి):
మావైపు రిజిస్టర్లో గ్రామ సమాఖ్య అని రాస్తారు, నోటితో మాత్రం "వీవో మీటింగు" అంటారు (గ్రామ సమాఖ్యకు ఇంగ్లీషు పేరైన విలేజ్ ఆర్గనైజేషన్‌కు పొట్టి రూపం). లెక్కలు రాసే అమ్మాయి ఇప్పటికీ "యానిమేటరు". వీటినీ ఈ చర్చలో చేర్చండి.